ఒక్క డ్రమ్ములో పోయనివ్వని అత్త

మా మేనత్త పోయిందన్న కబురు పొద్దున్నే ఫోన్లో వచ్చింది. పొయ్యి మీద చాయ్ పెట్టి ఉన్నాను. చేసింది మామ. "మీ అత్త పోయింది బిడ్డా" అని ఒక్క మాట అన్నాడు. ఆ తర్వాత ఆయన ఫోన్ పెట్టలేదు, నేనూ పెట్టలేదు. చాయ్ పొంగి మంట ఆరిపోయింది. కరోనా రెండోసారి సూరత్ మీద విరుచుకుపడ్డ రోజులవి. ఆస్పత్రిలో ఆమెను ఎవరినీ చూడనివ్వలేదు. శ్మశానంలో మామను ఒక్కణ్ణి గేటు ఇవతల నిలబెట్టి, మూట కట్టిన మనిషిని దూరం నుంచి చూపించారు. ఆ మూటలో ఉన్నది ఆమే అని ఆయన నమ్మాలి. ఆయన నమ్మాడు కాబట్టి మేమూ నమ్మాలి.

ఇంటికి వచ్చి పరామర్శించే రోజులు కావు కాబట్టి అందరూ ఫోన్లు చేశారు. మేముండే బమ్రోలి గల్లీల నుంచి, సొంతూరు సిరిసిల్ల నుంచి, ఎప్పుడో పెళ్ళిలో చూసిన చుట్టాల నుంచి. అందరిదీ ఒకటే పాట. ఎవరి బంగారం కోసమో ఆ కంపు మందుల్లో చేతులు పెట్టి ఒళ్ళు గుల్ల చేసుకుందన్నారు. లాక్‌డౌన్‌లో కూడా ఆడమనిషి ఇంటిపట్టున ఉండలేదన్నారు. ఉంటే బతికేదన్నారు. చివర్లో అందరూ పాపం అన్నారు. నాకు ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది. పాపం అన్న మాట ఆమె చెవిన పడి ఉంటే, అన్నవాళ్ళకు ఆ పూట అన్నం సయించేది కాదు. అందుకే ఇది రాస్తున్నాను. మీరు ఆమెను చూడలేదు. చూసినవాళ్ళు కూడా సరిగ్గా చూడలేదు.

ముందు ఆమె చేసిన పనేమిటో చెప్పాలి. సూరత్ అవతల కిమ్ దగ్గర ఒక చిన్న కంపెనీ ఉంది. గనులవాళ్ళకు కావలసిన మందులు తయారుచేస్తుంది. బంగారు గని అనగానే మెరిసే ముద్దలు తవ్వి తీస్తారని మనకో ఊహ. మా దగ్గరికి పరీక్షకు వచ్చే రాయిని చూస్తే మీరు దాన్ని గుమ్మం ముందు కూడా వేసుకోరు. బూడిదరంగు రాయి. దానిలో గంధకం కలిసిన ఖనిజం నలకలు నలకలుగా ఉంటుంది. బంగారం చాలావరకు ఆ నలకల్లో దాక్కుని ఉంటుంది. రాయిని పిండి చేసి, నీళ్ళలో కలిపి, ఆ బురదలోకి గాలి ఊదుతారు. మందు సరిగ్గా పడితే ఆ నలకలకు నీళ్ళంటే గిట్టదు. గాలిబుడగలను పట్టుకుని పైకి తేలతాయి. ఒట్టి రాయి అడుగున ఉండిపోతుంది. పైన తేలిన నురుగును గీకి తీస్తే, ఆ నురుగులో బంగారం ఉన్నట్టు. ఏ మందు, ఎంత, ఏది ముందు, ఏది వెనక అని తేల్చే ల్యాబ్‌కు మా అత్త ఇన్‌చార్జి.

సూరత్‌లోనే తెలుగు బడిలో చదివి, మా ఇళ్ళల్లో ఆడపిల్లలు కాలేజీ మెట్లు ఎక్కని రోజుల్లో కెమిస్ట్రీ చదివింది. నేను ఆ కెమిస్ట్రీయే చదివి ఆమె కిందే చేరాను. ఇంట్లో మేనత్త, ఫ్యాక్టరీలో బాసు. ఇద్దరినీ ఒకే మనిషిలో భరించడం ఎంత కష్టమో పగవాళ్ళకు కూడా చెప్పను. ల్యాబ్ గుమ్మం దాటితే నేను ఆమెకు బిడ్డను కాను. హిందీలో 'ఆప్' అని, మీరు మర్యాద పెట్టి పిలిచేది. 'ఆప్ మళ్ళీ తూకం వేయండి' అనేది. సాయంత్రం గేటు బయట కాలు పెట్టగానే మళ్ళీ బిడ్డా, ఆకలైతుందా, సమోసా తింటావా.

నురుగు గీకడానికి కంపెనీ ఇచ్చిన గరిటె ఆమెకు నచ్చలేదు. నెయ్యి డబ్బా మూతను కత్తిరించి, అంచు సాపు చేసి, తన గరిటె తనే చేసుకుంది. దాన్ని ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకునేది కాదు. పరీక్ష నడుస్తుంటే మేమందరం పైన పొంగే నురుగు చూసేవాళ్ళం. ఆమె మాత్రం అడుగున మిగిలిన బురదను పళ్ళెంలోకి వంపి, వేలితో రుద్ది చూసేది. "నురుగు జూసి మురువకు. అడుగున ఏం మిగిలిందో గది జూడు" అనేది. ఈ మాట రాళ్ళ గురించి ఎన్నిసార్లు అందో, మనుషుల గురించీ అన్నిసార్లు అంది.

ఆ మందుల కంపు సంగతి నిజమే. కుళ్ళిన క్యాబేజీ వాసన. చీరకు పట్టేది, జుట్టుకు పట్టేది, ఎంత ఉతికినా పోయేది కాదు. ఉధ్నాలో లోకల్ రైలు ఎక్కి కిమ్‌కు పోయేవాళ్ళం. ఆమె కూర్చోగానే పక్కనున్న ఆడవాళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లేచి అవతలికి పోయేవారు. నాకు సిగ్గేసేది. ఆమెకు సిగ్గు లేదు. ఖాళీ అయిన సీటు మీద కాళ్ళు చాపుకుని, "మంచిగైంది. గిది నా అత్తరు, సీటు గూడ ఇప్పిస్తది" అనేది. కరోనాకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచే ల్యాబ్‌లో ఆమె మూతికి మాస్కు ఉండేది. రాతిపిండి ఎగిరే గదిలో మాస్కు లేనిదే ఎవరినీ అడుగు పెట్టనిచ్చేది కాదు. అట్లాంటి మనిషి ఊపిరితిత్తులు పాడుచేసుకుందని ఫోన్లో ఒకాయన నాకు చెబుతాడు. గల్లీ గల్లీ మాస్కు కట్టుకోవడం ఆమె దగ్గరే నేర్చుకుంది, అందులో ఆయన పెళ్ళాం కూడా ఉంది.

మామ లూమ్‌లో రాత్రి పాళీ చేసేవాడు. ఆయన పొద్దున ఇంటికి వచ్చే వేళకు ఆమె బయలుదేరే వేళ. ఇద్దరికీ మధ్య ఒక్క చాయ్ దొరికేది. గుమ్మం మెట్టు మీద పక్కపక్కన కూర్చుని తాగేవారు. ఆయన చెవుల్లో ఇంకా మగ్గాల మోతే ఉండేదట, అందుకని ఆమె గట్టిగా మాట్లాడేది. వాళ్ళ ఇంటి సంగతులన్నీ గల్లీకి తెలిసేవి. ఇదేం కాపురమమ్మా, ఒకరు పగలు ఒకరు రాత్రి, అని ఎదురింటావిడ ఒకసారి అంది. అత్త ఊరుకునే రకమా. పగలూ రాత్రీ ఒకే ఇంట్లో ఉండి మొహాలు చూసుకోనివాళ్ళ పేర్లు చెప్పమంటారా అని అడిగింది. ఎదురింటావిడ లోపలికి పోయింది.

ఇక మందుల సంగతి. కరోనాకు కొంచెం ముందు, దక్షిణాదిన మా మందు కొనే గనిలో రాయి మారిపోయింది. లోతుకు పోయినకొద్దీ బంగారం ఇంకా సన్నగా, ఇంకా మొండిగా నలకల్లో ఇరుక్కుంది. మేం పంపే జాంథేట్ అనే పసుపు గుళికల మందు ఒక్కటే వేస్తే సగం బంగారం అడుగునే ఉండిపోతోంది. గనివాళ్ళు ఇంకొంచెం ఎక్కువ వేద్దామన్నారు. మా కంపెనీ యజమాని సేఠ్ సంతోషంగా వేయండన్నాడు. అత్త ఒప్పుకోలేదు. ఎక్కువ వేస్తే పనికిరాని చెత్త కూడా తేలుతుంది, అడుగున ఉన్నది అడుగునే ఉంటుంది అంది. మా దగ్గరే ఇంకో మందు తయారయ్యేది. నల్లగా, నూనెలా ఉంటుంది, పుల్లటి స్వభావం. వేరే గనులకు పోయేది. పసుపు మందు గంధకపు నలకను గట్టిగా పడుతుంది, నల్ల మందు విడిపడ్డ బంగారాన్ని పడుతుంది, తలా కొంచెం వేసి చూద్దామని ఆమె పట్టు. ఒకదాన్నే దండిగా వేసినదానికన్నా, రెండూ కాస్త కాస్త వేస్తేనే ఎక్కువ తేలుతుందని ఆమె నమ్మకం.

ఆ నమ్మకం సగం పుస్తకాలది, సగం మా తాతది. సూరత్ రాకముందు తాత సిరిసిల్లలో పోగుకు గంజి కాచేవాడు. ఒక్క పిండితో కాస్తే పోగు బిరుసెక్కి తెగుతుందని రెండు పిండులు, ఇంత నూనె కలిపేవాడు. ఆ కలపడం ముందురోజు సాయంత్రమే, ఒకే గంగాళంలో. పొద్దటికి నాని, ఒకదానితో ఒకటి కలిసిపోతే గంజి పోగును పట్టుకుంటుంది. అత్త చిన్నప్పుడు ఆ గంగాళం పక్కనే పెరిగింది.

అందుకే మావాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని తప్పు చేసింది. సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు పసుపు మందు నీళ్ళనూ నల్ల మందునూ ఒకే సీసాలో పోసి, బిరడా బిగించి, పొద్దటికి మంచిగా కలిసిపోతాయని అల్మారాలో పెట్టింది. పొద్దున తలుపు తీసేసరికి బిరడా గదిలో ఇంకెక్కడో ఉంది. వాసనకు కళ్ళు మండాయి. మిగిలిన నీళ్ళు పాలిపోయి విరిగిన మజ్జిగలా ఉన్నాయి. అయినా వేసి చూసింది. సబ్బు నురగ వచ్చింది, తెల్లగా, ఒట్టిది. పులుపు తగిలితే పసుపు మందు విరిగిపోతుందని నాకు పాఠం చెప్పింది ఆమే. పాఠం బుర్రలో ఉంది, గంజి చేతుల్లో ఉంది. ఆరోజు చేతులు గెలిచాయి.

సేఠ్ వచ్చి ముక్కు మూసుకుని నవ్వాడు. ఇట్లాంటి ప్రయోగాలకు ల్యాబ్ ఎందుకు, మందు తయారుచేసి అమ్ముకుంటే చాలదా అని కూడా అన్నాడు. నవ్వుతూ అన్నా అది నిజంగానే అన్నాడని మాకు తెలుసు. ఇంకొకరైతే తల దించుకునేవారు. అత్త ఆయన ముందే కిటికీ తెరిచి, తప్పు నాదే, మందుది కాదు అని హిందీలో చెప్పి, మళ్ళీ రాయి తూకం వేయడం మొదలుపెట్టింది.

ఈసారి నల్ల మందును రాయి నూరేటప్పుడే, సున్నంతో పాటు వేసింది. దాని పులుపు అక్కడే చచ్చిపోతుంది. నూరడం అయ్యాక, బురద గాలి తొట్టిలోకి వచ్చాక, అప్పటికప్పుడు కరిగించిన పసుపు మందు వేసింది. కాసేపు తిరగనిచ్చి గాలి తెరిచింది. నురుగు ముదురు రంగులో లేచింది. బుడగల మీద సన్నని నలకల పొర, ఆ బరువుకు బుడగలు ఒంగుతున్నాయి. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఆమె ఎప్పటిలాగే అడుగు పళ్ళెం వంపింది. వేలితో రుద్దింది. ఇంకోసారి రుద్దింది. నలకలు తగల్లేదు. తర్వాత నా వైపు తిరిగి, "కలుపుడంటే ఒక్క గిన్నెల పోసుడు గాదు బిడ్డా. అవి రాయి మీద కలువాలె" అంది. ల్యాబ్ లోపల ఆమె నన్ను బిడ్డా అనడం అదే మొదటిసారి. ఆ మాట నాకు ఏ సర్టిఫికెట్టు కన్నా ఎక్కువ.

అంతలో లాక్‌డౌన్ వచ్చింది. మగ్గాలు ఆగిపోయాయి. బమ్రోలిలో గదులకు గదులు ఖాళీ అయ్యాయి. సిరిసిల్ల నుంచి చుట్టాలు వచ్చేయమని ఒకటే పోరు. ఇక్కడ చావడానికి వచ్చామా, బతకడానికి వచ్చి బతకడం తెలియకపోతే ఎట్లా అని అత్త ఫోన్ పెట్టేసింది. గనికి పర్మిషన్ రాగానే మా ఫ్యాక్టరీ కూడా కొద్దిమందితో తెరిచారు. రైళ్ళు లేవు. నా బండి వెనక కూర్చుని కిమ్‌కు వచ్చేది, పాసు చేతిలో జెండాలా పట్టుకుని. ఒకరోజు పోలీసాయన ఆపి, ఏం పని మీద పోతున్నారని అడిగాడు. దవా తయారీ అంది. ఏ ఆస్పత్రికి అని అడిగాడు. ఆస్పత్రికి కాదు, రాళ్ళకు అంది. ఆయన కాసేపు ఆమె మొహం చూసి, ఎండకు మతి పోయిందనుకున్నాడేమో, పొమ్మని చెయ్యి ఊపాడు. ఆమె రోడ్డంతా నవ్వుతూనే ఉంది, నా వీపుకు ఆ నవ్వు తగులుతూనే ఉంది.

ఆ ఏడాది గనివాళ్ళు ఆమె పద్ధతి తీసుకున్నారు. నల్లది ఒక డ్రమ్ము, పసుపుది ఒక డ్రమ్ము. అక్కడా అడుగున మిగిలేది తగ్గింది. ల్యాబ్ ఎందుకన్న మాట సేఠ్ మళ్ళీ ఎత్తలేదు.

రెండో ఏడు, మొదట జ్వరం వచ్చింది మామకు. అత్త ఆయన్ని లోపలి గదిలో పెట్టి తలుపు వేసింది. పొద్దున చాయ్ మాత్రం మానలేదు. ఆయన గ్లాసు గుమ్మం దగ్గర పెట్టి, తట్టి, వెనక్కి జరిగేది. తలుపుకు ఆ పక్క ఆయన, ఈ పక్క ఆమె, ఎవరి చాయ్ వాళ్ళు తాగుతూ గట్టిగా మాట్లాడుకునేవారు. ఆయన లేచి తిరిగే వేళకు ఆమెకు దగ్గు మొదలైంది. నేనే తెచ్చి పెట్టిన అని మామ ఇప్పటికీ అంటాడు. ఎవరు ఎవరికి తెచ్చారన్న లెక్క నాకు వద్దు మామా అని నేను అంటాను. చూసుకోవలసిన మనిషిని ఆమె చూసుకుంది. అంతకుమించి అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు.

ఆస్పత్రి నుంచి ఒకసారి ఫోన్ చేసింది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతోంది. తిన్నావా అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. గనిలో మనుషులు జబ్బుపడి తక్కువయ్యారు, రెండూ కలిపి ఒకే డ్రమ్ములో పంపమని అడుగుతున్నారు, సేఠ్ మెత్తబడుతున్నాడు అని చెప్పింది. ఆ మంచం మీద ఉండి ఆ సంగతి ఎట్లా తెలుసుకుందో తెలియదు. చివరికి, "ఒక్క డ్రమ్ముల పొయ్యనియ్యకు" అంది. సరే అత్తా అన్నాను. మళ్ళీ ఆ గొంతు వినలేదు.

పదో రోజు కూడా కాకముందే సేఠ్ నన్ను తన గదికి పిలిచాడు. అడాజన్‌లో ఆయన ఇంట్లో కూడా ఒక చావు అయింది. అత్త మాట ఎత్తగానే కళ్ళు తుడుచుకున్నాడు, అది నటన కాదు. తుడుచుకున్నాక ఒక్క డ్రమ్ము సంగతి చెప్పాడు. ఇంకో కంపెనీ కలిపి ఇస్తానంటోందట. మనం ఇవ్వకపోతే ఆర్డరు పోతుంది, ఆర్డరు పోతే ల్యాబ్ ఉండదు. పులుపు తగ్గడానికి కాస్త సోడా వేసి కలిపి, వేడి తగలకుండా పంపితే రెండు రోజులు ఆగదా అన్నాడు. సరుకు పోవడానికి కావలసిన ల్యాబ్ సంతకం నేను పెట్టనన్నాను. మేడమే లేరు, ఇంక ఎవరి కోసం ఈ మొండితనం అన్నాడు.

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. మేడం లేదు కాబట్టే. ఆ విరిగిన మందు గనికి పోతే బంగారం అడుగుకు పోతుంది. నెల తిరగకముందే ఆ మేడం పద్ధతి పనికిరాదని తేల్చేస్తారు. ఎదురు చెప్పడానికి ఆమె ఉండదు. పాపం అన్నవాళ్ళందరి మాటా అప్పుడు నిజమవుతుంది. ఈ భూమ్మీద ఆమెది అని చెప్పుకోవడానికి మిగిలింది ఆ రెండు డ్రమ్ములే.

నేను ల్యాబ్‌కు పోయి, రెండు మందులూ ఆయన చెప్పినట్టే సోడా వేసి ఒక సీసాలో కలిపి, తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను. మూత వదులుగా ఉంచాను. ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. ఆయన తన ఫోన్లు తను మాట్లాడుకున్నాడు. సీసా తన పని తను చేసుకుంది. ఆ కాస్త సోడాకు పులుపు చావలేదు, మధ్యాహ్నానికి రంగు పాలిపోయింది. ఇంకాసేపటికి వాసన మొదలైంది. ఏసీ గది కిటికీ ఎన్నాళ్ళుగా తెరవలేదో, ఆయన రెండు చేతులతో లాగితే గానీ రాలేదు. అప్పుడు అడిగాను. ఈ వాసన వచ్చే ఆవిరి నిప్పంటుకునే సరుకు. దీన్నే డ్రమ్ము నిండా పోసి, మూత బిగించి, ఈ ఎండలో లారీ ఎక్కిద్దామా అని. ఆయన సీసా తీసేయమన్నాడు. తీసేశాను గానీ వదల్లేదు. ల్యాబ్‌కు తీసుకుపోయి కలిపిన మందుతో ఒకసారి, విడివిడిగా వేసి ఒకసారి, పరీక్ష రెండు రకాలుగా చేసి చూపించాను. నురుగు చూసి ఆయన తల ఊపాడు. నేను అత్త గరిటె పక్కన పెట్టి, అడుగు పళ్ళేలు రెండూ ఆయన ముందు వంపాను. కలిపిన మందు పళ్ళెంలో నలకలు అట్లాగే మిగిలి ఉన్నాయి.

గనికి ఫోన్ ఆయనే చేశాడు. రెండు డ్రమ్ములైతే పంపుతాం, లేకపోతే లేదన్నాడు. అవతలివాళ్ళు నసిగారు. డ్యూటీలో ఉన్నవాళ్ళకు రోజూ వీడియోలో నేను దగ్గరుండి వేయిస్తానని మధ్యలో దూరి చెప్పాను. చివరికి సరేనన్నారు. ఈ ల్యాబ్ ఎంతకాలం ఉంటుందో నాకు తెలియదు. ఉన్నంతకాలం అక్కడి నుంచి విరిగిన మందు పోదు.

లారీ ఎక్కించే రోజు మామ నాతో వస్తానన్నాడు. ఇన్నేళ్ళలో ఆమె పనిచేసిన చోటు ఆయన చూడలేదు, ఆయన నిద్రపోయే వేళలోనే అదంతా జరిగేది. చిక్కిపోయాడు. బండి వెనక చాయ్ ఫ్లాస్కు పట్టుకుని కూర్చున్నాడు. హమాలీలు రెండు డ్రమ్ములనూ పక్కపక్కన పెట్టి తాడు కట్టబోతుంటే నేను అరిచి ఆపాను. నల్లది క్యాబిన్ దగ్గర, పసుపుది వెనక తలుపు దగ్గర కట్టించాను. మధ్యలో మనిషి పడుకునేంత ఖాళీ.

మామ గేటు దగ్గర నిలబడి అంతా చూశాడు. "రెండు గంత దూరం పెట్టినవేంది బిడ్డా" అని అడిగాడు. అత్త చెప్పిన కారణమే చెప్పాను. ఆయన ఫ్లాస్కు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"మరి కలుస్తయా?"

"కలుస్తయి మామా. రాయి మీద."

లారీ కదిలింది. గేటు దాటి కిమ్ రోడ్డు ఎక్కింది. ముందున్న నల్ల డ్రమ్ము వెనకదాని చాటున పడి మాకు కనిపించలేదు. పసుపు డ్రమ్ము ఒక్కటే కనిపించింది, మధ్యలో ఆ ఖాళీని అట్లాగే ఉంచుకుని, దాని వెనకే పోతూ.